సాయిబుల పుస్తకాలేగా!

అరకు వెళ్ళొచ్చారా? అద్దాల రైలెక్కారు, బొర్రా గుహలు చూశారు, కాఫీ పొడి కొన్నారు. సంతోషం.

ఆ కొండలు ఒకప్పుడు ఎవరి ఏలుబడిలో ఉండేవో ఎప్పుడైనా అడిగారా?

కింద చికాకోలు (శ్రీకాకుళం) సర్కారు. ముందు గోల్కొండది, తర్వాత నిజాముది, 1753లో ఫ్రెంచివాళ్ళ చేతికి పోయింది. పైన జయపురం రాజులు. వాళ్ళూ గోల్కొండకు కప్పం కట్టినవాళ్ళే. గోల్కొండ, నిజాం దర్బారుల ఉత్తర్వులు ఎక్కువగా ఏ భాషలో ఉన్నాయి? పారసీలో. హైదరాబాదు కచేరీల్లో 1884 దాకా నడిచిందదే.

ఆ ఉత్తర్వులైనా, ఆనాటి పుస్తకాలైనా, అంతా చేతిరాత. అదంతా చిల్లులు పడుతోంది.

"అవి సాయిబుల పుస్తకాలు కదండీ!"

ఈ మాట చదువుకున్నవాళ్ళ నోటే ఎక్కువ విన్నాను. మీవి కావా? ఇబ్రహీం కుతుబ్ షాను మల్కిభరాముడని పిలుచుకున్నదెవరు? పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెలుగు యయాతి చరిత్రను అంకితమిచ్చిన అమీన్ ఖాను ఎవరు? అంకితాలప్పుడు మనవాళ్ళు, చెదలు పట్టినప్పుడు పరాయివాళ్ళా?

ఒక్క ప్రతిని దగ్గరగా చూడండి. తోలు అట్ట, కాగితాల కొలతకు సరిగ్గా సమానం. కింది అట్టకు ఎడమవైపు నాలుకలాంటి మడత ఒకటుంటుంది, కాగితాల అంచును కప్పి పై అట్ట కిందికి దూరుతుంది. అంచుకు దుమ్ము సోకకుండా కాపలా. పేజీ చుట్టూ పచ్చగీతల చట్రం. ఆ పచ్చ రాగి చిలుము. తేమ తగిలితే కాగితాన్ని తినేస్తుంది. మధ్యనున్న రాత మొత్తం కత్తిరించినట్టు ఊడి చేతిలోకొస్తుంది.

మరి మనం చేసిన మరమ్మతో? చిరిగినచోట సెలోటేపు అంటించాం, అది పసుపెక్కి జిగురు కారి పక్క పేజీని పట్టుకుంది, నాలుక అడ్డమొస్తోందని కోసి పారేశాం, అంచులు సమం చేయాలని పక్కన రాసిన వ్యాఖ్యలతో సహా కటింగ్ మిషన్‌కిచ్చాం, పాత తోలు తీసి రెక్సిన్ వేయించాం, బంగారు పూత మీద రబ్బరు స్టాంపు కొట్టాం, ఉమ్మి తడితో పేజీలు తిప్పాం, గోనెసంచిలో కట్టి వాన కురిసే గదిలో పడేశాం, బొమ్మలున్న ఆకుల్ని విడదీసి విడివిడిగా అమ్ముకున్నాం, శిథిలమైన ఖురాను ప్రతుల్ని గౌరవంగా భూమిలో పెట్టే ఆనవాయితీ మాటున అవి ఏ కాలానివో, ఎవరి చేతిరాతో ఒక్కసారైనా చూడకుండా సాగనంపాం.

ఇంకా ఏం మిగిలింది?

"స్కాన్ చేశారుగా" అంటారు. స్కాన్‌లో కుట్టు కనబడుతుందా? కాగితం నార కనబడుతుందా? అట్టలోపల అతికించిన పాత చిత్తుకాగితం కనబడుతుందా?

2003లో జాతీయ లిఖిత ప్రతుల మిషన్ పెట్టారు. 2025 బడ్జెట్‌లో జ్ఞాన భారతం అన్నారు, కోటికి పైగా ప్రతులన్నారు. లెక్కపెట్టండి, కాదనను. అతుకు వేసేదెవరు? పల్చటి జపాన్ కాగితం, గోధుమగంజి, ఒక్క ఆకుకే గంటల తరబడి ఓపిక. మీ పిల్లాడు ఈ పని నేర్చుకుంటానంటే ఒప్పుకుంటారా?

2012లో మాలీ దేశపు టింబక్టును సాయుధులు పట్టుకుంటే అక్కడి గ్రంథపాలకులు ప్రాణాలకు తెగించి పుస్తకాల పెట్టెల్ని దాటించారు. కొన్ని నైజర్ నదిలో పడవల మీద వెళ్ళాయి.

మనమీద తుపాకీ ఎవడెత్తాడు?

1891లో పుట్టిన ఆసఫియా గ్రంథాలయపు ప్రతులు ఇప్పుడు ఉస్మానియా ఆవరణలో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో వేల పారసీ, అరబ్బీ, ఉర్దూ ప్రతులున్నాయి. ఎన్నిసార్లు వెళ్ళారు? గడియారం గంటలు కొట్టడం చూసి తిరిగొచ్చారు, అంతేగా?

మీ వీధి మసీదు బీరువాలో, మీ తాతగారి పెట్టెలో అలాంటి తోలు అట్ట ఒకటుందేమో చూడండి. బైండరు దగ్గరికి తీసుకెళ్ళకండి. టేపు ముట్టకండి. తెలిసినవాళ్ళకు చూపించండి, ఈ వానలు మొదలుకాకముందే.

తీరిక లేదంటారా? అరకుకు దొరికిందిగా?