అసూయ అన్న మాట ఎవరికి పనికొస్తుంది?

మొన్న ఆదివారం సభ అయిపోయాక ఒక అన్న చాయ్ దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. "మీ ఇద్దరికీ మాటల్లేవట గద చెల్లె. ఆమెకు నీ ఉద్యోగం మీద అసూయ అంట. ఏం చేస్తం, ఆడోళ్ళకు ఆడోళ్ళే పడరు" అన్నాడు.

ఇదే అన్న, పాత సంఘంలో ఇంకో అన్నతో పడక బయటికొచ్చి వేరే సంఘం పెట్టుకున్నాడు. అప్పుడు నాలుగు పేజీల కరపత్రం వేశాడు. అందులో తగాదా పేరు 'సైద్ధాంతిక విభేదాలు'. దాని ప్రూఫులు దిద్దింది నేనూ నా దోస్తూ. స్టేజీ మీద కుర్చీ ఎవరిది, మైకు ముందు ఎవరికి అన్న దగ్గర మొదలైన గొడవ అని మా ఇద్దరికీ తెలుసు. అయినా అక్షరదోషాలు మాత్రమే దిద్ది ఇచ్చాం.

మగవాళ్ళు విడిపోతే విభేదం, ఆడవాళ్ళు విడిపోతే అసూయ. ఈ సంగతి మీదే నాలుగు మాటలు గట్టిగా రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే ఒకటి అడ్డం పడింది. ఆ అన్నకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? నా నోటి నుంచే.

2012లో నాకు లేడీస్ హాస్టల్లో సీటు రాలేదు. ఆమె గదిలో ఏడాదిన్నర నాన్‌బోర్డర్‌గా ఉన్నాను. ఆమె మాదిగ, నేను మాల. ఒక్క మెస్ కార్డు మీద ఇద్దరం తిన్నాం. ఆమె రెండోసారి పెట్టించుకుని డబ్బాలో గదికి తెచ్చేది. రాజీవ్ గాంధీ ఫెలోషిప్ ఆమెకు వచ్చింది, నాకు రాలేదు. నా ఫీల్డ్‌వర్క్ బస్సు కిరాయిలు, థీసిస్ డీటీపీ, బైండింగు అన్నీ ఆ డబ్బుల్లోంచే పోయాయి. "నీకొచ్చిన్నాడు ఇద్దువులేవే" అనేది. ఫెలోషిప్ వచ్చిందని తెలిసిన రాత్రి ఆమె మంచం మీద, ఆమె పక్కనే పడుకుని నేను కుళ్ళుకున్నాను. ఆమెకు తెలిసింది. పొద్దున చాయ్ ఇచ్చి "మొకం అట్ల పెట్టకే" అని నవ్వింది. మా స్నేహానికి ఏమీ కాలేదు.

తెలంగాణ వచ్చాక మొదటి జేఎల్ నోటిఫికేషన్ 2022 డిసెంబరులో పడింది. అన్ని సబ్జెక్టులకూ కలిపి 1392 పోస్టులు. ఇరవైల్లో రాయాల్సిన పరీక్ష ముప్పైల్లో రాశాం, అవే పుస్తకాలు ఇద్దరం మార్చుకుంటూ చదివి. నాకు వచ్చింది, ఆమెకు రాలేదు. నియామక పత్రాలు 2025 మార్చిలో ఇచ్చారు. మేం వచ్చి చేరిన చాలాచోట్ల, అప్పటిదాకా పీరియడు లెక్కన పాఠాలు చెప్పిన గెస్టు లెక్చరర్లు ఇంటికి పోయారు. ఆమె గెస్టు లెక్చరరు. ఆమె స్థానంలో చేరింది నేను కాదు, నా బ్యాచి. నేను మెడలో దండతో దిగిన ఫొటో స్టేటస్ పెట్టిన వారంలోనే ఆమె రిజిస్టరులో చివరి సంతకం చేసింది. నాకు శుభాకాంక్షలు చెప్పలేదని అలిగింది మాత్రం నేను.

రెండు నెలలకు ఫోన్ చేసింది. వాళ్ళమ్మ ఆపరేషన్ కోసం చిట్టీ పాడింది. డబ్బు చేతికి రావాలంటే ఇద్దరు గవర్నమెంటు ఉద్యోగుల షూరిటీ సంతకాలు కావాలి. ఒకరు దొరికారు. "ప్రొబేషన్ల ఉన్ననే, కుదరదు" అన్నాను. కుదురుతుందో లేదో చిట్టీ కంపెనీని అడిగి చూడనైనా లేదు. మా ఇంట్లో వద్దన్నారు. నిజం చెప్పాలంటే, వాళ్ళు అనకముందే నేను వద్దనుకున్నాను. ఆ తర్వాత మా మధ్య ఏం జరిగిందని ఎవరడిగినా ఒకటే జవాబు చెప్పాను. ఆమెకు నా ఉద్యోగం మింగుడుపడలేదు, అసూయ. సంతకం ముచ్చట ఎవరికీ చెప్పలేదు.

1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు నేను పలక పట్టుకున్న పిల్లను. ఊహ తెలిసినప్పటి నుంచి మా పేటలో దండోరా గురించి విన్న మాట ఒక్కటే, 'ఓర్వలేనితనం'. "వాళ్ళనెవరు చదువుకోవద్దన్నరు?" అనేవాళ్ళు మావాళ్ళు. ఊళ్ళో పై కులాలు మమ్మల్ని అచ్చంగా ఆ మాటే అన్నప్పుడు అది దురహంకారమని మాకు తెలుసు. మా నోట్లోకి వచ్చేసరికి తెలియలేదు. 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు వర్గీకరణ చేసుకోవచ్చన్నారు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులు, ఒకటి, తొమ్మిది, ఐదు శాతం. ఆమె రెండో గ్రూపు, నేను మూడో గ్రూపు. ఓర్వలేనితనం అని కొట్టిపారేసినదాని పేరు వాటా అని ఒప్పుకోడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

వర్గీకరణ ముందే ఉంటే నా పోస్టు ఆమెకు వచ్చేదని అనడం లేదు. ఒక్క పోస్టు లెక్క అట్లా తేలదు. స్నేహం రోస్టరు కాదని కూడా నాకు తెలుసు. నేననేది ఆ మాట గురించి. అందినవాళ్ళు, అందనివాళ్ళు అడిగేదాన్ని వినకుండా ఉండటానికి వాడే మాట అది. మాలల్లోంచి వర్గీకరణను సమర్థించిన కొద్దిమందిలో నేనొకదాన్ని. దానికి తిట్లు తిన్నాను, ఆ తిట్ల గురించి కాస్త గర్వపడ్డాను కూడా. సభలో వాటా న్యాయమన్న నోటితోనే ఇంటికొచ్చి ఆమెది అసూయ అన్నాను.

ఫెమినిస్టు మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. ఓల్గా గారి 'విముక్త'లో సీత వెళ్ళి శూర్పణఖను కలుసుకుంటుంది. ఆ కథ పిల్లలకు చెప్పడం నాకెంతో ఇష్టం. కానీ ఆ ఇద్దరి మధ్య చిట్టీ షూరిటీ లేదు. అక్కాచెల్లెళ్ళ బంధం అని మీరు మాట్లాడేటప్పుడు అందులో మెస్ బిల్లు, బస్సు కిరాయి, తిరిగిరాని అప్పు కనపడవు. మా స్నేహాలు వాటితోనే కట్టుకున్నవి, కూలితే అక్కడే కూలతాయి. ఇరవైల్లో ఇద్దరి దగ్గరా ఏమీ లేదు కాబట్టి పంచుకోవడం గొప్ప సంగతిగా అనిపించలేదు. ముప్పైల్లో ఒకరి చేతికి జీతం, సర్వీసు, సంతకానికి విలువ వస్తాయి. అప్పుడు పాత లెక్క అడిగితే అత్యాశ, అడగకుండా మౌనంగా ఉంటే కుళ్ళు.

ఇప్పుడు హాస్టళ్ళలో ఒకే మంచం మీద చదువుతున్న చెల్లెళ్ళూ, మీలో ఒకరికి ముందొస్తుంది. ఆ పూట రెండోవాళ్ళు నవ్వారా లేదా అని మొకం చూడకండి. వాళ్ళేం అడుగుతున్నారో వినండి. అన్నలారా, మీరు మాత్రం మా మధ్యకు ఆ మాట పట్టుకుని రాకండి. అది నేను అన్నదే అయినా సరే, మోయకండి.

పోయిన వారం ఆమె అద్దె గదికి వెళ్ళాను. రెండో సంతకం ఎవరో స్కూలు టీచరమ్మ పెట్టిందట, ఆమెతో పరిచయమై ఆరు నెలలే. అమ్మ కోలుకుంటోంది. చాయ్ పోసింది, మునుపటిలా నవ్వలేదు. ఇది రాశానని, నువ్వు వద్దంటే ఎవరికీ చూపించనని చెప్పి ఫోను చేతికిచ్చాను. మొత్తం చదివింది.

"షూరిటీలు మూడని రాసినవ్. రెండే. అది దిద్దు" అంది.

దిద్దాను. మిగతాదాని గురించి ఏమీ అనలేదు.