పండగ పోస్టర్లు ఆపండి, రేటు రాయండి

చిన్న వ్యాపారాల ఫేస్‌బుక్ పేజీలు ఎప్పుడైనా పనిగట్టుకుని చూశారా? సంక్రాంతికి గంగిరెద్దు, ఉగాదికి పచ్చడి గిన్నె, ఆగస్టు 15కి జెండా. మధ్యలో డాక్టర్స్ డే, టీచర్స్ డే, ఆఖరికి ప్రపంచ సైకిల్ దినోత్సవం కూడా. ప్రతి బొమ్మ కిందా ఒక లోగో, ఒక ఫోన్ నెంబరు, "మీకు, మీ కుటుంబ సభ్యులకు శుభాకాంక్షలు". షాపు బోరు మోటార్లదైనా, పళ్ళ డాక్టరుదైనా, పట్టుచీరలదైనా బొమ్మ అదే, లోగో ఒక్కటే మారుతుంది. సరే, ఏమైనా కొందామని చూస్తే రేటు ఎక్కడా కనపడదు. ఎవరో పాపం కింద "ధర ఎంతండీ?" అని అడుగుతారు. సమాధానం: "డీఎం చేయండి".

దీన్ని "రెగ్యులర్‌గా కంటెంట్ పెట్టడం" అంటారట. నెలనెలా డబ్బులు కూడా తీసుకుంటారు!

నా గొడవ ఈ ఏజెన్సీల మీద సగమే. మిగతా సగం మన మీద, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద. చుట్టాల్లో ఎవరు వ్యాపారం పెట్టినా "నువ్వు కంప్యూటర్ వాడివి కదా, కాస్త చూసిపెట్టు" అని మన దగ్గరికే వస్తారు. మనం ఏం చేస్తాం? డొమైన్ కొంటాం, ఒక టెంప్లేటు ఎక్కిస్తాం, "వారానికి మూడు పోస్టులు పడాలి, కన్సిస్టెన్సీ ముఖ్యం" అని లెక్చరిస్తాం. ఆ మూడింట్లో ఏముండాలో మాత్రం చెప్పం. మనకీ తెలీదు కాబట్టి. ఈ మధ్య ఇంకో సులువు కూడా దొరికింది. ఒక ఆదివారం కూర్చుని చాట్‌జీపీటీ చేత ముప్ఫై వ్యాసాలు దింపించి, రోజుకొకటి పడేలా పెట్టేసి చేతులు దులిపేసుకోవడం. "సౌరశక్తి వల్ల పది లాభాలు". ఎవరికి కావాలండీ అవి?

క్రమం తప్పకుండా రాస్తే చిన్న వ్యాపారం పెరుగుతుందా అంటే, పెరుగుతుంది. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ దాన్ని పెంచేది కేలండరు కాదు. కొనేవాడు ఫోన్ చేసి అడిగే ప్రశ్నకి, వ్యాపారం చేసేవాడే, దాచకుండా చెప్పే జవాబు. ఆ జవాబుల్లో మొదటిది రేటు.

మనవాళ్ళు వెంటనే జోయెల్ స్పోల్‌స్కీ పేరు ఎత్తుతారు. సరే, ఆయన సంగతే చూద్దాం. 2000లో న్యూయార్క్‌లో ఫాగ్ క్రీక్ అనే చిన్న కంపెనీ పెట్టాడు, అదే ఏడాది రాయడమూ మొదలుపెట్టాడు. మనుషుల్ని ఎలా తీసుకోవాలి, స్పెక్ ఎందుకు రాయాలి, మీ టీము బాగుందో లేదో తేల్చే పన్నెండు ప్రశ్నలు... ఇవన్నీ మనలో చాలామంది ఆఫీసు మెయిళ్ళలో ఒకరికొకరు పంపుకున్నవే. వాళ్ళు అమ్మింది ఫాగ్‌బగ్జ్, అంటే బగ్గుల చిట్టా రాసుకునే సాఫ్ట్‌వేరు. చదివేది ప్రోగ్రామర్లు, కొనేదీ ప్రోగ్రామర్లే. 2008లో జెఫ్ ఆట్‌వుడ్‌తో కలిసి స్టాక్ ఓవర్‌ఫ్లో మొదలుపెడితే అందులోకి మొదట దిగిందీ ఆ ఇద్దరి పాఠకులే. పదేళ్ళు నిండాక 2010లో అలా రాయడం ఆపేశాడు. మనం దీన్నుంచి నేర్చుకున్నది "క్రమం తప్పకుండా రాశాడు, కాబట్టి పెరిగాడు" అని. చదివేవాడూ కొనేవాడూ ఒక్కడే అన్న ముక్క మాత్రం వదిలేశాం.

ఆ ముక్క వదిలేస్తే ఏమవుతుందో ప్యాట్రిక్ మెకెంజీ కథలో తెలుస్తుంది. ఈయన జపాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ 2006లో బింగో కార్డ్ క్రియేటర్ అని ఒక చిన్న ప్రోగ్రాము అమ్మడం మొదలెట్టాడు. స్కూలు టీచర్లు పిల్లలతో ఆడించే బింగో కార్డులు అచ్చువేసుకునే ప్రోగ్రాము, అంతే. తన అమ్మకాల లెక్కలు కూడా దాచకుండా తన సైటులో రాసేవాడు. ప్రోగ్రామర్లు ఎగబడి చదివారు. కానీ ప్రోగ్రామర్లు బింగో కార్డులు కొంటారా? కొన్నది టీచర్లు. వాళ్ళని తెచ్చిపెట్టింది వేరే పేజీలు. ఏ పాఠానికి ఏ పదాలు పనికొస్తాయో ఒక టీచరుకి డబ్బులిచ్చి జాబితాలు రాయించాడు, పాఠానికొక పేజీ పెట్టాడు. ఆయన వ్యాసాల వల్ల కన్సల్టింగ్ పనులు వచ్చాయి, 2010లో ఉద్యోగం మానేశాడు. రెండు రకాల రాతలు, రెండు రకాల గిరాకీ. మనవాడు అమ్మేది వంటనూనె అయితే "స్టార్టప్ ప్రయాణంలో నేను నేర్చుకున్న పాఠాలు" అని లింక్డిన్‌లో రాయడం వల్ల ఒక్క సీసా కూడా కదలదు. లైకులు కొట్టేది పాత ఆఫీసు స్నేహితులు, వాళ్ళు కొనరు :-)

(ఎవరో ఒకరు కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరు తెస్తారని తెలుసు. అమృతాంజనం 1893, ఆంధ్రపత్రిక 1908. కానీ అక్కడ దారి తిరగబడి ఉంది. అమృతాంజనం డబ్బు పత్రికని పోషించింది. కాబట్టి ఆయన్ని వదిలేద్దాం.)

నాకు అసలు నచ్చే ఉదాహరణ సాఫ్ట్‌వేరుది కానే కాదు. అమెరికాలో వర్జీనియాలో ఇంటి పెరట్లో ఈతకొలనులు పెట్టే కంపెనీ, రివర్ పూల్స్ అని. 2008 మాంద్యంలో గిరాకీ కూలిపోయింది. అందులో భాగస్వామి మార్కస్ షెరిడన్ 2009లో ఒక పని మొదలుపెట్టాడు. అన్నాళ్ళూ కొనేవాళ్ళు తనని అడిగిన ప్రశ్నలన్నీ కాగితం మీద పెట్టుకుని ఒక్కోదానికీ జవాబు రాశాడు. ఫైబర్‌గ్లాస్ కొలను ఎంతవుతుంది? దాంట్లో వచ్చే ఇబ్బందులేంటి? ఈ చుట్టుపక్కల మంచి కాంట్రాక్టర్లు ఎవరు? ఆఖరిదానికి జవాబుగా పోటీదార్ల పేర్లు రాశాడు, తన పేరు పెట్టుకోలేదు! మన ఏజెన్సీ వాడికి చూపిస్తే గుండె ఆగిపోతుంది. అప్పట్లో ఆ వ్యాపారంలో రేటు గురించి బాహాటంగా రాసేవాళ్ళే తక్కువ, కాబట్టి వెతికేవాళ్ళంతా ఇతని దగ్గరికే వచ్చారు. కంపెనీ నిలబడింది.

"అది అమెరికా అండీ" అంటారు. సరే, కాకినాడ వద్దాం.

మా బావగారు అక్కడ ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే వ్యాపారం చేస్తారు. ఆరుగురు మనుషులు, ఒక ట్రాలీ ఆటో. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక గిరాకీ పెరిగింది, పోటీ అంతకన్నా పెరిగింది. ఆయనా ఒక ఏజెన్సీకి నెలనెలా కట్టేవారు. పైన చెప్పిన పోస్టర్లు చాలావరకు ఆయన పేజీలో చూసినవే. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి దిగదు. పక్కన కూర్చుని వింటే, అడిగే మనుషులు మారతారు గానీ ప్రశ్నలు అవే. మూడు కిలోవాట్లకి ఎంతవుతుంది? డాబా మీద ఎంత చోటు కావాలి? సబ్సిడీ మాకిస్తారా, మీరు తగ్గించుకుంటారా? కొబ్బరిచెట్టు నీడ పడుతుంది, పర్లేదా? బిల్లు నిజంగా సున్నా వస్తుందా?

2025 సెప్టెంబరు 22న ప్యానెళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ రోజంతా ఆయనకి ఫోన్లే. పాత కొటేషన్ ఇచ్చినవాళ్ళు, అడ్వాన్సు కట్టినవాళ్ళు, "మాకూ తగ్గిస్తారా?" అని. ఆయన పేజీలో ఆ రోజు ఏం పడిందో ఊహించగలరా? ఆ రోజు దసరా నవరాత్రులు మొదలు. "శరన్నవరాత్రి శుభాకాంక్షలు", పక్కన అమ్మవారు, కింద లోగో. కేలండరు ప్రకారం నడిచే రాత అంటే అదే. అవసరం వచ్చిన రోజున అది పక్కకి చూస్తూ ఉంటుంది.

ఆ వారమే కూర్చున్నాం. ఆయన చెప్పడం, నేను టైపు చేయడం. మొదట ఏ ప్రశ్న రాద్దామంటే "కరెంటు పోతే సోలార్ పనిచేస్తుందా?" అన్నది తీశాను. ఆయన మొహం మాడిపోయింది. ఎందుకంటే జవాబు "పనిచేయదు". బ్యాటరీ లేకుండా పెట్టే మామూలు సిస్టంలో లైన్లో కరెంటు పోగానే ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. లేకపోతే మన డాబా మీది కరెంటు లైన్లోకి వెళ్ళి, స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణం మీదకొస్తుంది. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, దాని ఖర్చు వేరు. "ఇది రాస్తే ఎవడు కొంటాడ్రా?" అన్నారు బావగారు. మరి రాయకపోతే? పెట్టించుకున్న మొదటి వేసవిలో కరెంటు పోయిన రాత్రి ఆయనకే ఫోన్ చేసి తిడతారు. తర్వాత వీధి మొత్తానికి చెప్తారు.

రెండోది రేటు పేజీ. మూడు కిలోవాట్లకి సబ్సిడీ రాకముందు రెండు లక్షల చుట్టుపక్కల, ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది (మేడ ఎత్తు, ఇనుప స్టాండు ఎత్తు, ప్యానెల్ కంపెనీ). సబ్సిడీ మూడు కిలోవాట్లకి 78,000, ఆపైన ఎన్ని పెట్టినా అంతే. పని పూర్తయి మీటరు మారాక అది ఇంటివాళ్ళ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మన దేశంలో చేసిన ప్యానెళ్ళయితేనే వస్తుంది. చోటు మూడొందల చదరపు అడుగుల దాకా కావాలి. రోజుకి సుమారు 12 యూనిట్లు, వానాకాలంలో తక్కువ. బిల్లులో స్థిర ఛార్జీలు ఎలాగూ ఉంటాయి, కాబట్టి "సున్నా" అని చెప్పేవాణ్ణి నమ్మకండి. పేజీ పైన తేదీ. రేటు మారిన రోజున పేజీ మారాలి. రెగ్యులర్‌గా రాయడం అంటే నా దృష్టిలో ఇదే.

వ్యాపారం మూడింతలైందా? కాలేదు. కొందరు ఆ కరెంటు సంగతి చదివి వెనక్కి తగ్గారు కూడా. మారింది ఏంటంటే, ఎవరైనా ఫోన్ చేయగానే ఆయన ఆ పేజీ వాట్సాప్‌లో పంపుతారు. చదివి మళ్ళీ ఫోన్ చేసేవాళ్ళు "మా ఇంటికి ఎప్పుడొచ్చి చూస్తారు?" దగ్గర మొదలెడతారు. సాయంత్రం రెండున్నర గంటలు గంటకి దిగాయి. ఆరుగురు మనుషులతో నడిచే వ్యాపారంలో యజమాని రోజుకి గంటన్నర మిగుల్చుకోవడం చిన్న విషయం కాదు.

ఇక మామూలుగా వచ్చే వాదనలు. "రేటు రాస్తే పోటీవాడు చూస్తాడు." పోటీవాడికి మీ రేటు ఎప్పుడో తెలుసు, వాళ్ళ బావమరిది చేత ఫోన్ చేయించి కనుక్కున్నాడు. తెలియనిది కొనేవాడికి ఒక్కడికే. "ఒక్కొక్కరికి ఒక్కో రేటు పడుతుంది." అయితే ఎంత నుంచి ఎంత దాకా, దేన్నిబట్టి అని రాయండి. మనిషి మొహం చూసి రేటు చెప్పేవాడు ఎలాగూ రాయలేడు, అతనితో నాకు పని లేదు. 2025 ఏప్రిల్‌లో ఒక పచ్చళ్ళ వ్యాపారం గొడవ గుర్తుందా? ఇంత రేటేంటని అడిగినవాడికి తిట్లు వాయిస్ మెసేజ్‌గా వెళ్ళి, అది ఊరూరా తిరిగింది. మాంసం వేగితే ఎంత తగ్గిపోతుందో, నూనె ఎంత పడుతుందో, కొరియర్‌కి ఎంతవుతుందో ఒక పేజీ రాసుంటే, కోపం వచ్చినప్పుడు పంపడానికి లింకైనా ఉండేది.

"ఇప్పుడెవరు చదువుతారు, గూగులే పైన జవాబు చెప్పేస్తుంది కదా" అనేది కాస్త బలమైన వాదనే. 2024 నుంచి మన దేశంలోనూ ఏఐ జవాబులు పైన వస్తున్నాయి. సౌరశక్తి లాభాలు పది రాసినవాడి పేజీకి ఇక ఎవరూ వెళ్ళరు, వెళ్ళక్కర్లేదు కూడా. కానీ కాకినాడలో ఉప్పుగాలికి ఏ స్టాండు తుప్పు పడుతుందో, ఈ నెల రేటెంతో, ఆ ఏఐ కూడా ఎవరో ఒకరు రాస్తేనే చెప్పగలదు. అది మా బావగారికి తెలుసు. ఏజెన్సీకి తెలీదు, నాకూ తెలీదు.

రాసేది సొంత డొమైన్‌లో పెట్టండి. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి, టిక్‌టాక్‌ని 2020 జూన్‌లో ఒక్క రాత్రిలో ఆపేశారు. దాని మీదే వ్యాపారం కట్టుకున్నవాళ్ళు మర్నాడు పొద్దున్నే మళ్ళీ సున్నా నుంచి మొదలెట్టారు.

"రాయడానికి టైమెక్కడిదండీ" అనేవాళ్ళకి: మీవాడు రోజూ రెండు గంటలు చెప్తూనే ఉన్నాడు. వినండి, టైపు చేయండి. ఆయన మాటల్ని మీరు బాగు చేయకండి. "నాణ్యతకు మారుపేరు" లాంటివి ఇరికించకండి. మనలాంటి వాళ్ళు చుట్టాల వ్యాపారానికి చేయగల సాయం అదే, ఆదివారానికి ఒక గంట. మా జాబితాలో తర్వాతి ప్రశ్న కోతులు. ప్యానెళ్ళ మీద గెంతితే పగులుతాయా, వైర్లు పీకితే ఎవరిది బాధ్యత అని సామర్లకోట నుంచి నలుగురు అడిగారట. బావగారు జవాబు వాయిస్ మెసేజ్‌గా పెట్టారు, ఏడు నిమిషాలు ఉంది. ఇంకా పూర్తిగా వినాలి.