గంగను మరిచి నాగవల్లిని చూశాం

1993 డిసెంబరులో కేరళలో విడుదలైన ఫాజిల్ సినిమా 'మణిచిత్రతాళు'లో దయ్యం లేదు. మధు ముట్టం రాసిన ఆ కథలో గంగ అనే ఇల్లాలు, అత్తవారి పాత భవంతిలో ఎప్పుడో చనిపోయిన నర్తకి నాగవల్లి గురించి విని, తనే నాగవల్లిననుకుంటుంది. మోహన్‌లాల్ వేసిన డాక్టర్ సన్నీ ఇది జబ్బని తేల్చి చెబుతాడు. అదే కథ కన్నడంలో సౌందర్యతో 'ఆప్తమిత్ర' (2004), తమిళంలో 'చంద్రముఖి' (2005), హిందీలో 'భూల్ భులయ్యా' (2007) అయింది. అన్నిట్లోనూ డాక్టరు చెప్పేది అదే. హాలు బయటికొచ్చిన మనలో చాలామంది మాత్రం దయ్యం సినిమా చూశామనే చెప్పుకున్నాం. కోపమొచ్చిన ఆడమనిషిని 'చంద్రముఖి' అని వెక్కిరించడం ఇప్పటికీ మానలేదు.

తప్పంతా ప్రేక్షకులదని నేననను. సినిమా పొడుగునా భయపెట్టి, చివర్లో కాసేపు వైద్యం మాట్లాడితే మనసులో మిగిలేది భయమే. పైగా సన్నీ చికిత్స జరిగేది మంత్రగాడి ముగ్గు పక్కనే. నాగవల్లిని చంపినవాడి బొమ్మ తల నరికించి, ఆమె పగ తీరిందని రోగిని నమ్మించడంతో ఒక్క రాత్రిలో అంతా సర్దుకుంటుంది. అసలు ఆసుపత్రిలో ఇలాంటి మనిషికి నెలలు, ఏళ్లు పట్టే మాటల చికిత్స ఉంటుంది. దాన్ని తెరకెక్కిస్తే టికెట్లు తెగవనుకోండి. ఇంకో సంగతి: పూనకాన్ని వైద్యులు కొట్టిపారేయరు. మనిషిని బాధపెట్టే ఆవేశస్థితికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే చోటుంది. అంచేత 'గాలి సోకింది' అనుకున్న ప్రేక్షకుడు బాధను చూడకపోలేదు, దానికి తన ఊళ్లో ఉన్న పేరు పెట్టుకున్నాడు.

నాకు ఆసక్తిగా తోచేది భాష సంగతి. మలయాళంలో నాగవల్లి తంజావూరు మనిషి, తమిళం మాట్లాడుతుంది. తమిళంలో చంద్రముఖి విజయనగరం నుంచి తెచ్చిన నర్తకి, తెలుగులో పాడుతుంది. హిందీలో మంజులిక బెంగాలీ. 'చంద్రముఖి' మన తెలుగు డబ్బింగులో ఆ నర్తకి పాట మళ్లీ తమిళమైంది. ఎవరి సినిమాలోనైనా ఒంట్లోకి దూరేది పొరుగు భాషే. అలా చూపిస్తే బయటిదేదో లోపలికొచ్చిందనే అనిపిస్తుంది కానీ, ఆ గొంతు గంగదేనని ఎవరికి తడుతుంది?

ఫాజిల్ దీనికి విరుగుడు కొంతైనా పెట్టాడు. తల్లిదండ్రులకు దూరంగా ఊళ్లో పెరిగిన గంగ చిన్నతనం, దాన్నుంచి ఆమెను ఒక్కసారిగా తెంపుకుపోవడం డాక్టరు ఓపిగ్గా తవ్వి తీస్తాడు. గంగగా, నాగవల్లిగా శోభన ఒకే ముఖంతో చేసిన నటనకు జాతీయ అవార్డు వచ్చింది. కన్నడ, తమిళ చిత్రాలు తీసిన పి. వాసు ఆ బంగళాలోకి ఒక పెద్ద పామును కూడా వదిలాడు. అదెందుకొచ్చిందో డాక్టరు చెప్పడు. జబ్బు అని ఎంత వాదించినా, పాము దయ్యం పక్షాన సాక్ష్యం చెబుతూనే ఉంటుంది.

తర్వాతి సినిమాలు ఆ సాక్ష్యాన్నే పట్టుకున్నాయి. 2010లో వాసు వెంకటేష్‌తో తీసిన 'నాగవల్లి'లో నర్తకిని చంపిన వెనకటి రాజు ఇంకా బతికే ఉంటాడు. 2007 హిందీ చిత్రంలో అక్షయ్ కుమార్ మానసిక వైద్యుడు. 2022లో వచ్చిన దాని రెండో భాగంలో మాత్రం మంజులిక నిజం దయ్యం, కథానాయకుడు ఆత్మలతో మాట్లాడతానని బొంకే దొంగ బాబా.