మన ఫైళ్ల మీద హక్కు ఎవరిది?

ఉచితంగా దొరికే లిబ్రాఫీస్ మాట ఎత్తగానే మనవాళ్లు అనేది ఒకటే: డబ్బు పెట్టలేనివాళ్లు వాడుకునేది అది, గట్టి పనికి ఎమ్మెస్ ఆఫీసే దిక్కు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద, ఉద్యోగ ప్రకటనల్లో, ఒక కంపెనీ సరుకు పేరే ఒక విద్య పేరుగా చెలామణి అవుతోంది. ఈ అభిప్రాయం తప్పు. రెండింటినీ ధరలోనూ, బటన్లలోనూ పోల్చి తీర్పు చెప్పెయ్యడంలోనే ఆ తప్పుంది. దొంగ కాపీలు దొరికేచోట ధర ఎవరికీ పట్టదు. ఇక సదుపాయాలంటారా, ఉత్తరాలు రాసి, జీతాల పట్టిక వేసి, నాలుగు స్లైడ్లు చేసుకునేవారికి లిబ్రాఫీస్‌లోని రైటర్, కాల్క్, ఇంప్రెస్ ఏ లోటూ చెయ్యవు. అడగవలసిన ప్రశ్న వేరు: ఇవాళ రాసి దాచుకున్న ఫైలును ఇరవయ్యేళ్ల తర్వాత ఎవరి అనుమతీ లేకుండా తెరవగలమా?

ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలుగువాళ్లకు అనుభవమే. యూనికోడ్ వచ్చాక కూడా చాలా ఏళ్లు మన పుస్తకాలూ పత్రికలూ అను ఫాంట్లలోనే కంపోజయ్యాయి. ఆ ఫైళ్లలో దాగి ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఆ ఫాంటు ఉంటే మాత్రమే తెలుగులా కనబడే గుర్తులు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతల్లాంటి లాటిన్ అక్షరాలు మిగులుతాయి. ఒక్క తెలుగు మాట వెతికినా దొరకదు. వాటిని కన్వర్టర్లో వేసి, తప్పిపోయిన ఒత్తులూ గుడులూ దిద్దుకునే చాకిరీ ఇప్పటికీ తీరలేదు. ఆ రోజుల్లో అందరూ వాడుతున్నారు కాబట్టి మనమూ వాడదామన్నదే వాదన. ఇప్పుడు వర్డ్ గురించి వినిపిస్తున్నదీ అదే.

లిబ్రాఫీస్ తనంతట తాను సేవ్ చేసే ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ 2006లో ఐఎస్ఓ ప్రమాణమైంది. ఆ ఫార్మాట్‌లో రాసిన ఒక ఓడీటీ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి. లోపల ‘కంటెంట్’ అనే ఎక్స్ఎమ్ఎల్ ఫైలు ఉంటుంది. మీరు రాసిన తెలుగు వాక్యాలు మామూలు నోట్‌ప్యాడ్‌లోనే చదువుకోవచ్చు. వర్డ్ సేవ్ చేసే డాక్స్ కూడా ఇలాంటి జిప్పే, అది ఒప్పుకోవాలి. అదీ 2008లో ఐఎస్ఓ ప్రమాణమైంది. అయితే ఆ ప్రమాణం ఆరు వేల పేజీల పైచిలుకు. అందులో స్ట్రిక్ట్ అని ఒక శుద్ధమైన రూపం, పాత వర్డ్ అలవాట్లను మోసుకొచ్చే ట్రాన్సిషనల్ అని మరొకటి ఉన్నాయి. మీరు ప్రత్యేకంగా కోరితే తప్ప వర్డ్ నేటికీ రెండోదాంట్లోనే సేవ్ చేస్తుంది. భారత్ ఈ ప్రమాణానికి వ్యతిరేకంగా ఓటు వేసిన దేశం.

“లిబ్రాఫీస్‌లో తెరిస్తే పేజీలన్నీ చెదిరిపోతాయి” అన్న ఫిర్యాదును ఈ వెలుగులో చూడాలి. చాలాసార్లు దోషం ఫాంటుది. 2007 నుంచి ఏళ్ల తరబడి వర్డ్ డిఫాల్ట్ ఫాంటు కాలిబ్రి. అది విండోస్ బయట స్వేచ్ఛగా పంచుకునే ఫాంటు కాదు. అది లేనిచోట వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, అక్షరం వెడల్పు మారుతుంది, పట్టికలో చివరి వరస రెండో పేజీకి జారుతుంది. కాలిబ్రి కొలతలతోనే చేసిన కార్లిటో అనే స్వేచ్ఛా ఫాంటును వేసుకుంటే చాలామటుకు సర్దుకుంటుంది. ఎక్సెల్‌లో వీబీఏ మాక్రోలతో పెద్ద పెద్ద లెక్కలు నడిపే అకౌంటెంట్లు మాత్రం మారలేరు. వాళ్లను మారమనడం అన్యాయం. కానీ వాళ్ల అవసరాన్ని చూపించి తహసీల్దారు కార్యాలయానికీ, పంచాయతీకీ, హైస్కూలుకూ అదే కట్టబెట్టడం న్యాయమెలా అవుతుంది?

ఇలా మారమన్నప్పుడల్లా మ్యూనిక్ నగరం ఉదాహరణ తప్పక వస్తుంది. దాదాపు 15,000 కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లైనక్స్‌కు మార్చిన ఆ నగరం 2017లో విండోస్‌కు తిరిగిపోవాలని తీర్మానించింది. అక్కడితో కథ ఆపేస్తారు. అదే జర్మనీలో ష్లెస్విగ్–హోల్‌స్టైన్ రాష్ట్రం తన 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రాఫీస్‌కు మారుస్తామని 2024లో ప్రకటించింది. అంత దూరం ఎందుకు, కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా నేర్చుకుంటున్నది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే. ఆ పిల్లలకు ఉద్యోగాలు రాకుండా పోలేదు. పట్టిక వెయ్యడం తెలిసినవారికి మెనూ ఎక్కడుందో వెతుక్కోవడం పెద్ద పని కాదు.

అనుమతి మాట ఊహాజనితం అనుకునేవారు 2025 జూలైని గుర్తు చేసుకోవాలి. యూరోపియన్ యూనియన్ ఆంక్షల నేపథ్యంలో గుజరాత్‌లో చమురుశుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. డబ్బు కట్టిన లైసెన్సులుండగానే తమ సమాచారమే తమకు అందకుండా పోయిందని ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కొద్ది రోజులకు సేవలు తిరిగొచ్చాయి. స్వదేశీ కంపెనీకి మారితే సరిపోతుందన్న సలహా కూడా చాలదు. జోహో మనదే, గర్వించదగ్గదే, కానీ దాని ఆఫీస్ కోడ్ కూడా కంపెనీ చేతిలోనే ఉంటుంది. కంప్యూటర్లోనే నడిచే, కోడ్ అందరికీ తెరిచి ఉన్న ప్రోగ్రామును ఎక్కడినుంచో ఎవరూ ఆపలేరు.

ప్రభుత్వ కొనుగోళ్లలో ఓపెన్ సోర్సును తప్పక పరిశీలించాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ దాన్ని బడుల నుంచి మొదలుపెట్టాలి. ఉద్యోగ ప్రకటనల్లో కంపెనీ పేరు తీసేసి, పని పేరు రాయాలి. ప్రజలు ఓడీటీలో పంపిన అర్జీని ఏ కార్యాలయమూ తిప్పి పంపకూడదు.