యాత్రకు అనుమతి సరే, తర్ఫీదు ఏదీ?

హజ్ కాలం వచ్చిందంటే మన పిడుగురాళ్లలో కనిపించే దృశ్యం పాఠకులకు కొత్త కాదు. మసీదు ముందు కార్లు ఆగుతాయి. వీధి వీధంతా కదిలి వచ్చి ముసాఫహా చేస్తుంది. 'మా కోసం దుఆ చెయ్యండి' అన్న మాట వంద నోళ్ల నుంచి వినబడుతుంది. హాజీగారి మెడ పూలదండలతో నిండిపోతుంది. ఆయన వెనకాల, కారు తలుపు పక్కన, బుర్ఖాలో ఒక కోడలో కూతురో నిలబడి ఉంటుంది. అత్తగారి మందుల సంచి ఆమె చేతిలో ఉంటుంది. ఆమె పాస్‌పోర్టు మాత్రం మామగారి దగ్గర ఉంటుంది. డబ్బు భర్త నడుముకు కట్టుకున్న బెల్టులో ఉంటుంది. మక్కాలో దిగబోయే బిల్డింగు నంబరు ఎంతమ్మా అని ఆమెను అడిగి చూడండి. 'వాళ్లకు తెలుసు' అంటుంది.

ఈ 'వాళ్లకు తెలుసు' అన్న ఒక్క భరోసా మీద మన ఆడపిల్లల్ని నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరం, లక్షలాది జనంలోకి పంపిస్తున్నాం.

గత కొన్నేళ్లుగా స్త్రీల హజ్ గురించి మనలో జరిగిన చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. మెహ్రం తోడు, అంటే భర్త గానీ, వివాహం నిషిద్ధమైన తండ్రి, సోదరుడు, కుమారుడు వంటి దగ్గరి బంధువు గానీ లేకుండా స్త్రీ వెళ్లవచ్చునా, కూడదా? 45 ఏళ్లు దాటిన స్త్రీలు నలుగురేసి జట్టుగా మెహ్రం లేకుండా వెళ్లేందుకు 2018 హజ్ నుంచి భారత ప్రభుత్వం వీలు కల్పించింది. ఆ ఏడాది వెయ్యిమందికి పైగా వెళ్లారు. 2023లో ఆ సంఖ్య నాలుగు వేలు దాటింది. మెహ్రం తప్పనిసరి కాదని సౌదీ హజ్ మంత్రి తౌఫీఖ్ అల్ రబీఆ 2022 అక్టోబరులో ప్రకటించారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో మెహ్రం షరతు ఉంది. నమ్మకస్తులైన స్త్రీల బృందంతో ఫర్జ్ హజ్‌కు వెళ్లవచ్చునని షాఫిఈ, మాలికీ పండితులు చెప్పారు. ఇందులో తీర్పు చెప్పే అర్హత ఈ పేజీకి లేదు. ఎవరి ఆలిమును వారు అడిగి తెలుసుకోవలసిందే.

అయితే గమనించవలసింది ఒకటుంది. ఈ చర్చంతా 45 ఏళ్లు దాటిన తల్లుల గురించే. ఇరవై రెండేళ్ల కోడలు, పాతికేళ్ల కూతురు మెహ్రం వెంటే వెళుతున్నారు. కాబట్టి వాళ్లకే భయమూ లేదనుకుని ఊరుకున్నాం. మా అభ్యంతరమల్లా ఇక్కడే. మెహ్రం తోడు ఉండటం షరియత్ షరతు. కానీ అది అమ్మాయి నేర్చుకోవలసిన దానికి బదులు కాదు.

మీనాను చూసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు. లక్షకు పైగా గుడారాలు, అన్నీ తెల్లనివి, అన్నీ ఒకే ఆకారం. 1997 ఏప్రిల్ 15న అక్కడ చెలరేగిన మంటల్లో 343 మంది మరణించారు. వారిలో మన దేశం వారు ఎందరో. ఆ తర్వాతే నిప్పంటుకోని గుడారాలు వచ్చాయి. గుడారాలలో స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా చోటు ఉంటుంది. హరంలో జమాఅత్ నిలబడే వేళా అంతే. అంటే భర్త, మామగారు ఎంత జాగ్రత్తపరులైనా రోజులో కొన్ని గంటలు ఆమె ఒంటరే. వజూకని బయటికి వచ్చి, పక్క వరుసలోకి తిరిగితే చాలు, తన గుడారం ఏదో తెలియదు. మక్తబ్ నంబరు కంఠతా వచ్చిన అమ్మాయి పది నిమిషాల్లో తిరిగి వస్తుంది. రానిది ఏడుస్తూ నిలబడుతుంది. 1990 జూలై 2న మీనా సొరంగంలో 1,426 మంది ఊపిరాడక మరణించారు. 2015 సెప్టెంబరు 24న మీనాలోనే మళ్లీ తొక్కిసలాట జరిగింది. అలాంటి ఒత్తిడిలో కుటుంబం చేతులు పట్టుకుని ఒక్కటిగా ఉండగలదా? చెయ్యి జారాక ఎవరికి వారే. జనం తోస్తున్నప్పుడు ఎదురు తిరగకూడదు, కిందపడిన చెప్పు కోసం వంగకూడదు, మెల్లగా పక్కకు జరుగుతూ అంచుకు రావాలి. ఈ మాటలు ఎన్ని ఇళ్లలో చెప్పి పంపుతున్నారు?

మరొక సంగతి చెప్పాలంటే మాకూ జంకుగానే ఉంది. 2018 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌కు చెందిన ఒక యువతి, కాబా చుట్టూ తవాఫ్ చేస్తుండగా గుంపులో తనపై అసభ్యంగా చేతులు పడ్డాయని బయటపెట్టింది. ఈజిప్టు మూలాలున్న జర్నలిస్టు మోనా ఎల్తహావీ తనకూ 1982లో, పదిహేనేళ్ల వయసులో, హజ్‌లోనే అలాంటి అనుభవం ఎదురైందని రాశారు. అప్పుడామె కుటుంబంతోనే ఉన్నారు. 'అల్లాహ్ ఇంటి దగ్గర కూడానా? అబద్ధం' అని కొందరన్నారు. పవిత్ర స్థలానికి వచ్చిన ప్రతివాడూ పవిత్రుడై రాడు. ఆ పాపం చేసినవాడిదే గానీ హరంది కాదు, ఆ అమ్మాయిది అసలే కాదు. సౌదీలో 2018 నుంచి వేధింపుల నిరోధక చట్టం ఉంది, జైలు శిక్ష ఉంది. అలాంటిది జరిగితే గట్టిగా అరవవచ్చునని, అక్కడి పోలీసును పిలవవచ్చునని, హజ్ చెడిపోదని తల్లి కూతురికి ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ పిల్ల ఇహ్రాంలో నోరెత్తితే గునాహ్ అనుకుని మింగేస్తుంది. రద్దీ తక్కువ వేళ, మతాఫ్‌లో అంచున గానీ పై అంతస్తుల్లో గానీ తవాఫ్ చేసుకోవచ్చు. హజరె అస్వద్‌ను ముద్దాడటం సున్నత్. ఆ తోపులాటలోకి ఆడపిల్లను నెట్టమని ఎవరూ చెప్పలేదు. దూరం నుంచి చేయి చాపి సైగ చేస్తే చాలు.

ఇక నెలసరి. యువతుల హజ్‌లో అసలు చిక్కు ఇదే. దీని గురించి మన శిక్షణా శిబిరాల్లో మాట్లాడేది అన్నిటికన్నా తక్కువ. దైవప్రవక్త (స) చివరి హజ్‌కు బయలుదేరినప్పుడు, మక్కాకు చేరువలో సరిఫ్ అనే చోట హజ్రత్ ఆయిషా (రజి)కి నెలసరి వచ్చింది. ఆమె ఏడుస్తూ కూర్చున్నారు. ప్రవక్త (స) ఆమెను మందలించలేదు. ఆదం కుమార్తెలకు అల్లాహ్ రాసిన విషయమే కదా అని ఓదార్చి, శుద్ధి అయ్యేదాకా తవాఫ్ ఒక్కటి ఆపి, హాజీలు చేసేవన్నీ చేయమన్నారు. అరఫాత్, ముజ్దలిఫా, జమరాత్, దుఆ, జిక్ర్ ఏవీ ఆగవు. తిరుగు ప్రయాణం ముందు చేసే విదా తవాఫ్ నెలసరిలో ఉన్న స్త్రీకి మినహాయింపే. ఆగవలసింది తవాఫె జియారత్ దగ్గర. అది చేయనిదే హజ్ పూర్తి కాదు.

సర్వాధిపతి ప్రవక్త (స) తన భార్యతో ఇంత సులువుగా మాట్లాడిన విషయాన్ని మన కోడళ్లు మామగారి ముందే కాదు, భర్త ముందు కూడా చెప్పుకోలేకపోతున్నారు. విమానం తేదీ దగ్గర పడుతుంది, తవాఫె జియారత్ మిగిలి ఉంటుంది, ఆమె ఎవరికీ చెప్పదు. మరీ దారుణమేమిటంటే, చెప్పలేక అలాగే తవాఫ్ చేసేసి, తిరిగి వచ్చాక ఏళ్ల తరబడి కుమిలిపోయేవారూ ఉంటారు. కాబట్టి ప్రయాణం తేదీ తెలిసిన రోజే ఆమె తన తేదీలు లెక్కవేసుకోవాలి. వాయిదా వేసే మాత్రలు వాడాలనుకుంటే బయలుదేరడానికి రెండు నెలల ముందే లేడీ డాక్టరును కలవాలి. రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ జబ్బు, బీపీ ఉన్నవారికి అన్ని మాత్రలూ పడవు. పక్కింటావిడ ఇచ్చిన చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లడం ఎంతమాత్రం పనికిరాదు. ఇంటి మగవాళ్లకూ ఈ మసాయిల్ తెలిసి ఉండాలి. తెలిస్తే ఆమె నోరు తెరవనక్కర్లేకుండానే 'రేపు ఆగుదాం' అనగలుగుతారు.

ఎండ సంగతి మనవాళ్లకు చెబితే నవ్వుతారు. 'రెంటచింతల పక్కన పుట్టినవాళ్లం, మాకు మక్కా ఎండ ఒక లెక్కా' అంటారు. రెంటచింతల ఎండలో మిట్టమధ్యాహ్నం మనం పది కిలోమీటర్లు నడవం, తలుపులు వేసుకుని పడుకుంటాం. 2024 హజ్‌లో మస్జిదె హరం దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది. 1,300 మందికి పైగా మరణించారు. వారిలో ప్రతి వందమందిలో 83 మంది అధికారిక అనుమతి లేకుండా వచ్చినవారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. విజిట్ వీసా మీద హజ్ చేయిస్తామన్న ఏజెంట్ల మాట నమ్మి వెళితే గుడారం ఉండదు, బస్సు ఉండదు, చల్లని నీడ ఉండదు. అందుచేత చవకగా వస్తోందని కూతురిని అలాంటి బేరంలో పెట్టకండి. హజ్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతోంది గనుక నడివేసవి తప్పుతోంది. కానీ మే నెల మక్కా చల్లగా ఉంటుందని ఎవరూ భ్రమపడవద్దు. సఫా మర్వాల మధ్య ఏడు సార్లకే మూడు కిలోమీటర్లకు పైగా అవుతుంది. వంటింటికీ వాకిలికీ మధ్య తిరిగే అమ్మాయి రెండు నెలల ముందు నుంచి ఫజ్ర్ తర్వాత రోజూ నడవాలి. అక్కడ వేసుకోబోయే చెప్పులతోనే నడవాలి. కొత్త చెప్పులు అరఫాత్‌లో తొడిగితే ముజ్దలిఫాకల్లా బొబ్బలే. ఇహ్రాంలో స్త్రీకి కుట్టిన బట్టలే గనుక, మెరిసే సింథటిక్ బుర్ఖా మాని లేతరంగు నూలుబట్ట కుట్టించుకోవడానికి అడ్డేమీ లేదు. పత్తి పండించే సీమలో ఉండి నైలాను కట్టుకుని ఉడికిపోవడమేమిటో!

సఫా మర్వాల మాట వచ్చింది గనుక ఒక్కటి గుర్తు చేయాలి. ఆ రెండు గుట్టల మధ్య కోట్లమంది పురుషులు నడుస్తున్నది ఒక యువతి అడుగుల్లో. హజ్రత్ హాజిరా (అ) చంటిబిడ్డకు నీళ్ల కోసం అక్కడ పరుగెత్తినప్పుడు భర్త పక్కన లేరు. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా కూఫా నుంచి మక్కాకు వెళ్లే ఎడారి దారి పొడవునా బావులు, నీటి తొట్లు, మజిలీలు కట్టించింది. నేటికీ ఆ బాటను దర్బ్ జుబైదా అనే పిలుస్తారు. హాజీల దారిని భద్రం చేసినవారిలో ఒక స్త్రీ పేరు అంత పెద్దది.

మన ఆడవాళ్లకు ఆ తెలివి లేదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు మన ఊళ్ల నుంచి ఆడవాళ్లు జట్లు జట్లుగా వెళతారు. (ఆ ఆచారం మంచిచెడ్డల చర్చ వేరు.) స్వర్ణాల చెరువు గట్టున లక్షలమందిలో వాళ్లు తప్పిపోరు. పిల్లల జేబుల్లో పేరూ ఊరూ రాసిన చీటీ పెడతారు. ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుంటారు. డబ్బు రెండు చోట్ల దాస్తారు. పెత్తనం తమదే గనుక ఎరుకా తమదే. అదే ఆడవాళ్లు మక్కా ప్రయాణానికి వచ్చేసరికి సామానుతో పాటు సామానైపోతారు!

లోపం శిక్షణలో ఉంది. మన హజ్ శిబిరాలు చాలావరకు ఉర్దూలో జరుగుతాయి. మగవాళ్లు వేదిక ముందు, ఆడవాళ్లు పర్దా వెనక. పల్నాడులో నూర్‌బాషా కుటుంబాలెన్నో ఇంట్లో మాట్లాడేది తెలుగే. పర్దా వెనక నుంచి ఉర్దూలో వినబడిన మసలాలో వాళ్లకు ఎంత అర్థమవుతుంది? అర్థం కాని చోట చెయ్యెత్తి అడగగలరా, అందులోనూ నెలసరి గురించి?

2023లో గన్నవరం నుంచే హజ్ విమానాలు తొలిసారి ఎగిరినప్పుడు సంతోషించాం. పుణ్యయాత్ర దగ్గరకు వచ్చినట్టే అనిపించింది. విమానాశ్రయం దగ్గరైనంత మాత్రాన సరిపోదు. చదువు కూడా ఇంటి గుమ్మం దాకా రావాలి. అందుకే పిడుగురాళ్లలో, చుట్టుపక్కల ఊళ్లలో హజ్ చేసి వచ్చిన సోదరీమణులను ఒకటి అడుగుతున్నాం. పేర్లు ఖాయమైన అమ్మాయిలను రంజాన్‌కు ముందే నాలుగు పూటలు ఒక ఇంట్లో కూర్చోబెట్టండి. తెలుగులో చెప్పండి. నేల మీద సుద్దముక్కతో మీనా, అరఫాత్, ముజ్దలిఫా గీసి చూపండి. పాస్‌పోర్టు జిరాక్సు, నుసుక్ కార్డు, బిల్డింగు నంబరు, మక్తబ్ నంబరు, కొద్దిపాటి రియాళ్లు, తనదే అయిన ఫోను ఎవరివి వారి దగ్గరే ఎందుకుండాలో మీరు చెబితే వింటారు. అక్కడ పనికొచ్చే నాలుగు అరబీ మాటలు నేర్పండి. ఒక లేడీ డాక్టరును ఒక పూట పిలవండి. మెనింజైటిస్ టీకా గురించీ, ఓఆర్ఎస్ కలుపుకోవడం గురించీ, ఆ మాత్రల గురించీ ఆమెనే చెప్పనివ్వండి. సున్నం బట్టీల్లో పనిచేసే ఇళ్ల నుంచి, మిరప కోతకు వెళ్లే ఇళ్ల నుంచి వచ్చే అమ్మాయిలకు పగలు తీరిక ఉండదు. వాళ్ల కోసం ఆ నాలుగు పూటలు ఇషా నమాజు తర్వాత పెట్టండి. తిరిగి ఇంటికి దింపే పని అన్నదమ్ములు చూసుకుంటారు.