నువ్వొస్తే వికెట్ పడుతుంది!

మొన్న మా అబ్బాయి ఫోనులో మ్యాచ్ చూస్తూనే ఎవరితోనో కబుర్లు చెప్తూ, మధ్యలో ఏదో గేమ్ కూడా ఆడేస్తున్నాడు. "ఎవరు గెలిచార్రా?" అంటే "ఉండమ్మా, చూసి చెప్తా" అన్నాడు. అప్పటిదాకా చూస్తున్నది వాడే మరి!

మా చిన్నప్పుడు గుంటూరులో మ్యాచ్ అంటే పండగ కింద లెక్క. నాన్నకి వాలుకుర్చీ, బాబాయికి గుమ్మం పక్క గోడ, అన్నయ్యకి చాప మీద ఎడమ మూల, నాకు నాన్నమ్మ మంచం పక్కన. ఇద్దరు బ్యాట్స్‌మన్లు కాస్త నిలదొక్కుకున్నారంటే ఇక ఎవరూ కదలకూడదు, కాలు తిమ్మిరెక్కినా సరే. నాన్నమ్మకి క్రికెట్ ఒక్క ముక్క తెలియదు. అయినా సచిన్ దిగాడంటే ఆంజనేయ దండకం అందుకునేది. కరెంటు పోతే పక్కింటివాళ్ళ ట్రాన్సిస్టరే దిక్కు. "ఎంతండీ?" అని గోడ మీంచి ఒకటే కేకలు.

తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. కానీ ఈ మధ్య ఇంకో సంగతి కూడా గుర్తొస్తోంది. ఆ గదిలో అమ్మకి చోటు లేదు.

ఎప్పుడో ఒకసారి అమ్మ పకోడీల పళ్ళెం పట్టుకుని రావడం, వికెట్ పడడం ఒక్కసారే జరిగాయి. అంతే, ముద్ర పడిపోయింది. "నువ్వు రాకు, నువ్వొస్తే వికెట్ పడుతుంది" అని నవ్వుతూనే అనేవారు. అమ్మా నవ్వుతూనే వెనక్కి వెళ్ళేది.

2001 మార్చి 14. కోల్‌కతా టెస్టు నాలుగో రోజు. మనవాళ్ళు 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడుతున్నారు. అవతల వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా. నాకు డిగ్రీ పరీక్షలు దగ్గరపడ్డాయి, ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది, పేజీ మాత్రం తిరగలేదు. నాన్న కడుపునొప్పని ఆఫీసుకి సెలవు పెట్టారు. లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దున్నించి సాయంత్రం దాకా ఆడారు. రోజంతా ఒక్క వికెట్ పడలేదు, 335 పరుగులొచ్చాయి. అంటే రోజంతా అమ్మ వంటింటి గడప దాటలేదన్నమాట! టీ గ్లాసులు నేనే అందుకుని పంచాను. లక్ష్మణ్ రెండు వందలు దాటినప్పుడు అందరం గంతులేశాం. అమ్మ లోపల్నించే "కొట్టాడా?" అని అడిగింది. ఎవరైనా జవాబు చెప్పామో లేదో నాకు గుర్తులేదు.

మ్యాచ్ 171 పరుగుల తేడాతో గెలిచాం. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిస్తే బాబాయి ఆ రోజు తను గోడకానుకుని కదలకపోవడం గురించే చెప్తాడు.

అందరం ఒకే గదిలో ఊపిరి బిగబట్టి కూర్చునే ఆ రోజులు మళ్ళీ రావాలని నాకూ ఉంది. ఈ ఫోన్ల కంటే ఆ పిచ్చి నమ్మకాలే నయం అంటాను. కాకపోతే, ఇంటిల్లిపాదీ సరదా అని మనం చెప్పుకునేది ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి పొందిన సరదా అయితే, దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి కదా. పైగా నేను మావారి ఇంట్లో పదేళ్ళపాటు అదే గడప దగ్గర నుంచున్నాను, ఎవరూ చెప్పకుండానే.

2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్ రాత్రి మాత్రం ఆఖరి ఓవర్‌కి చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేశాను. "అమ్మా, ఇప్పుడొద్దు, ప్లీజ్!" అన్నాడు వీడు. సోఫాలో మధ్యలో కూర్చున్నాను. దక్షిణాఫ్రికాకి 16 పరుగులు కావాలి. మొదటి బంతికే మిల్లర్ ఎత్తి కొట్టాడు, బౌండరీ గీత మీద సూర్యకుమార్ దాన్ని పట్టేశాడు. అవును, నేనొస్తే వికెట్ పడింది. వాళ్ళది!

ఆ అర్ధరాత్రే అమ్మకి ఫోన్ చేశాను. "చూశావా?" అన్నాను.

"చూశానే, ఆఖరి ఓవర్ తప్ప. అప్పుడు మాత్రం వంటింట్లోకి వెళ్ళి నుంచున్నాను, ఎందుకైనా మంచిదని."