పది రోజుల పరీక్ష

చెరపట్టబడి బబులోనుకు వెళ్లిన దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు ఈనాటి లెక్కలో హాస్టల్ విద్యార్థులే. మూడేళ్ల చదువు, రాజుగారి బల్లమీది భోజనం, ఖర్చంతా ఖజానాదే. నెబుకద్నెజరు వారిని బెదిరించి కాదు, తినిపించి తనవారిని చేసుకోజూశాడు.

నేడు మన పిల్లల ముందున్న బల్ల అరచేతిలో ఇమిడిపోయింది. అదీ ఉచితమే. 2016లో డేటా చౌక అయ్యాక పల్లెలకూ చేరింది. 2020 జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధిస్తే తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చి ఆ ఖాళీని నింపింది. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, సినిమాకు శుభం కార్డు ఉంటుంది. ఈ బల్లకు చివరనేది లేదు. అంతులేకుండా జారే తెరను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత తానే పశ్చాత్తాపపడ్డాడు. 'ఒక్క ఐదు నిమిషాలు' అని పదింటికి ఫోను తెరిచిన ఇంజినీరింగ్ విద్యార్థి రెండింటికి గానీ కళ్లు మూయడం లేదంటే, అది అతని బలహీనత ఒక్కటే కాదు. ఆ ఏర్పాటే అలాంటిది. ఇది గ్రహించకుండా 'సోమరీ' అని తిడితే ఆ మాట పిల్లల చెవికెక్కదు.

అయినా తిట్టే హక్కు మనకెంత? ప్రసంగం మధ్యలో బైబిల్ యాప్ నుంచి వాట్సాప్‌లోకి జారే వేలు యౌవనస్థులది మాత్రమేనా? తెల్లవారగానే వాక్యం పదిమందికి పంపి, దాన్ని ధ్యానించకుండా నీలి టిక్కులు లెక్కపెట్టుకునేది మనమే. యూత్ మీటింగ్ ఫొటోకు ఎన్ని లైకులొచ్చాయని కమిటీలో అడిగేదీ మనమే. ఆ మీటింగుకు వచ్చి, వెనక బెంచీలో ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయిన అమ్మాయి పేరు మాత్రం మనకు గుర్తుండదు. ఆ రాత్రి ఆమె ఎవరి పలకరింపు కోసం ఫోను తెరుస్తుందో ఆలోచించామా?

దానియేలు చదువు మానలేదు. బబులోను విద్యలన్నీ నేర్చాడు. కాదన్నది ఆ భోజనాన్నే. అదీ గొడవపడి కాదు, పది రోజులు పరీక్షించి చూడమని వినయంగా అడిగాడు. ఒంటరిగానూ కాదు, నలుగురూ కలిసి నిలబడ్డారు. కాలేజీ నోటీసులు, నోట్సు వాట్సాప్‌లోనే వస్తున్న రోజుల్లో ఫోను పారేయమనడం తెలివితక్కువ. రీల్స్ ఉన్న యాప్‌ను పది రోజులు తీసేయమని, రాత్రివేళ ఫోను మంచానికి దూరంగా పెట్టమని అడగవచ్చు. మొదటి రెండు మూడు రోజులు చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది, చిరాకు పుడుతుంది. అప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి.

వచ్చే ఆదివారం మన సంఘాల్లో ఈ పరీక్ష మొదలుపెడదాం. ముందు పేర్లు ఇవ్వవలసింది కాపరులు, పెద్దలు. ఆరాధన ముగియగానే స్కూటర్ తీయకుండా, ఆ వెనక బెంచీ దగ్గర ఓ పదిహేను నిమిషాలు కూర్చుందాం.